వానల నుంచి సంక్రాంతి దాకా: షెడ్డులో పెట్టిన పాత కారుకు ఎలుకల బెడద – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లలో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు, స్టాండర్డ్ హెరాల్డులు, పాత జీపులు, తొలినాటి మారుతీ 800లు భద్రంగా దాచుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. యజమానులు మాత్రం చాలావరకు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, చెన్నైలోనో ఉంటారు. దసరాకు వచ్చి బండి బయటికి తీస్తారు, నాలుగు రోజులు తోలతారు, తుడిచి షెడ్డులో పెట్టి తాళం వేసి వెళ్తారు. మళ్లీ తలుపు తీసేది సంక్రాంతికే. ఆ మధ్యకాలంలో బండికి జరిగే నష్టంలో పెద్దవాటా ఎలుకలది. అది ముందే ఆపగలిగిన నష్టం కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాం.

మంచు పడే దేశాల్లో చలికాలమంతా కారు దాస్తారంటే అర్థముంది. మన దగ్గర ఎలుకలు ఈ మూడు నెలల్లోనే ఎందుకు ఎగబడతాయి?

మనకు మంచు లేదు గాని ఈశాన్య రుతుపవనాలు ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానాకాలం అదే. పొలం గట్లలో, కాలవ కట్టల్లో బొరియలు తవ్వుకుని బతికే ఎలుకలు నీళ్లు నిండగానే మెరక వెతుక్కుంటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట, హైవే దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో పొలంలో ఉన్న ప్రాణి ఏదైనా పొడి నేల కోసం ఊళ్లోకే వస్తుంది.

రెండో కారణం తిండి. పెన్నా ఆయకట్టులో పెద్ద పంటకు అప్పుడప్పుడే నాట్లు పడుతుంటాయి, పొలంలో గింజ ఉండదు. అంతకుముందే కోసిన ఎడగారు (రెండో పంట) వడ్లు మాత్రం ఇళ్లలో బస్తాలుగా ఉంటాయి. కారు షెడ్డూ, వడ్ల కొట్టూ ఒకే గోడకు ఇటూ అటూ ఉన్న ఇళ్లు మన వైపు ఎన్నో. ఎలుక వచ్చేది వడ్ల కోసం, కాపురం పెట్టేది కారులో.

కారులో తినడానికి ఏమీ లేదు కదా, వైర్లు ఎందుకు కొరుకుతాయి?

ఎలుకల ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, ఏడాదికి నాలుగైదు అంగుళాలు. కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. పళ్లు అరగడానికి కావలసినంత గట్టిగా, సులువుగా తెగేంత మెత్తగా ఉండే వస్తువు వైరు మీది ప్లాస్టిక్ తొడుగు. రబ్బరు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు కూడా అంతే.

ఇక గూడు సంగతి. పాత కార్ల సీట్లలో స్ప్రింగుల మీద కొబ్బరి పీచు, దూది, జనపనార గుడ్డ ఉంటాయి. పిల్లలను పెట్టుకోవడానికి ఎలుకకు ఇంతకంటే మంచి సామాను బయట దొరకదు. చిట్టెలుక మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు. దసరాకు ఒక జంట చేరితే సంక్రాంతికి ఉండేది ఒక జంట కాదు.

మా కారులో తిరిగేది ఏ రకమో ఎలా తెలుస్తుంది? తెలిస్తే లాభమేమిటి?

పెంటిక చూస్తే తెలుస్తుంది. చిట్టెలుకది బియ్యపు గింజ కంటే చిన్నది, కొసలు సన్నగా ఉంటుంది. ఇంటి ఎలుకది దాదాపు అర అంగుళం. పందికొక్కుది ఇంకా పెద్దది, లావుగా ఉంటుంది. తాజాది మెత్తగా, మెరుస్తూ ఉంటుంది, పాతది పొడిగా, బూడిదరంగులో ఉండి నలిపితే పొడవుతుంది.

రకం తెలిస్తే దారి తెలుస్తుంది. చిట్టెలుక పావు అంగుళం సందులోంచి దూరిపోతుంది, ఇంటి ఎలుకకు అర అంగుళం చాలు. ఇంటి ఎలుక ఎక్కే రకం, కొబ్బరిచెట్టు, కరెంటు తీగ, వాసాల మీదుగా పైనుంచి దిగుతుంది. పందికొక్కు తవ్వే రకం. గోడ పునాది కింద సొరంగం చేసి నేల పగలగొట్టుకుని వస్తుంది. పైకప్పు సరిచేసి పందికొక్కు ఆగలేదని బాధపడినా, నేల గట్టిచేసి ఇంటి ఎలుక ఆగలేదని బాధపడినా ప్రయోజనం లేదు.

కారులోకి ఎక్కడెక్కడ నుంచి దూరతాయి?

కిందనుంచి ఎక్కువ. క్లచ్చు, బ్రేకు పెడళ్లు నేలలోంచి దిగే చోట ఉన్న రంధ్రాలు, గేరు రాడ్డు చుట్టూ చిరిగిన రబ్బరు, ఇంజను గదికీ క్యాబిన్‌కూ మధ్య గోడలో వైర్లు దాటే చోట ఎండి రాలిపోయిన రబ్బరు బుష్షులు. తర్వాత అద్దం కింద గాలి వచ్చే జాలీ, డిక్కీలో స్టెప్నీ కింద నీళ్లు పోయే రంధ్రాలు, టెయిల్ లైటు వెనక తుప్పు తిన్న చోట్లు. బయటినుంచి సైలెన్సర్ గొట్టం, ఎయిర్ క్లీనర్ మూతి. పాత బండిలో ఇవన్నీ కొత్తబండి కంటే వదులుగా ఉంటాయి.

చీకట్లో బండి లోపల ఒక గట్టి టార్చి పెట్టి, కింద పడుకుని చూడండి. వెలుతురు కనపడిన ప్రతి చోటూ దారే. ఒక్క సాయంత్రం పని. దీనితోనే మొదలుపెట్టాలి.

రబ్బరు బుష్షులు కొత్తవి వేయించండి, ఖరీదు పెద్దగా ఉండదు. తలుపుల అడుగున ఉండే నీటి రంధ్రాలను మాత్రం ఎప్పుడూ మూయకండి. లోపల నీరు నిలిచి తలుపు అడుగు తుప్పుపట్టి ఊడిపోతుంది. అక్కడ సన్న జాలీ ముక్క సరిపోతుంది.

షెడ్డు ఎలా ఉండాలి?

నన్నడిగితే అసలు ప్రశ్న ఇదొక్కటే. కారుకు ఎన్ని మందులు పూసినా, ఎన్ని మాత్రలు పెట్టినా, షెడ్డు ఎలుకలకు అనువుగా ఉంటే అవి వస్తాయి. తిండి లేని, చాటు లేని, దారి లేని షెడ్డులో ఏ మందూ లేకుండానే కారు క్షేమంగా ఉంటుంది.

ముందు తిండి. వడ్ల బస్తాలు, తౌడు, చిట్టు, పశువుల దాణా, కోళ్ల మేత, వేరుశనక్కాయలు, చింతపండు, ఎండుకొబ్బరి, ఏవీ కారు ఉన్న కప్పు కింద ఉండకూడదు. రొయ్యల చెరువులున్న వాళ్లు మేత బస్తాలను కారు పక్కన పేర్చడం చాలాచోట్ల చూస్తుంటాం. ఆ మేత వాసన ఎలుకకు దూరం నుంచే తెలుస్తుంది. స్థలం లేక తప్పనిసరైతే గట్టి మూత ఉన్న ఇనప డ్రమ్ముల్లో పోయండి. ప్లాస్టిక్ డ్రమ్ము పనికిరాదు, రాత్రికి రాత్రే కన్నం పడుతుంది.

తర్వాత చాటు. గోనె సంచులు, పాత పరుపులు, అట్టపెట్టెలు, వరిగడ్డి, పెళ్లిళ్లకు వాడి మూలన పడేసిన పరదాలు. ఇవన్నీ తీసేయాలి. గోడకూ సామానుకూ మధ్య అడుగున్నర ఖాళీ ఉంటే ఎలుక గోడవెంట నడిచినా మీ కంటపడుతుంది. బయట గోడకు ఆనించి గడ్డివామి గాని, కట్టెల మోపు గాని ఉండనివ్వకండి. కప్పు మీదికి వాలిన మునగ కొమ్మ, కొబ్బరి మట్ట కొట్టించండి. కప్పుకు కనీసం మూడు నాలుగు అడుగుల ఎడం ఉండాలి.

చివరికి దారి. నేల మట్టిదైతే కాంక్రీటు పోయించండి, లేదా రాతిబండలు పరిచి సందులు సిమెంటుతో పూడ్చండి. చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల వాళ్లకు గ్రానైట్ తుక్కు ముక్కలు దొరుకుతాయి, వాటితో పరిచిన నేల పందికొక్కుకు లొంగదు. గోడలో కన్నాలను సిమెంటులో పగిలిన గాజుపెంకులు కలిపి పూడ్చడం మన పాత తాపీపనివాళ్ల పద్ధతి, అది ఇప్పటికీ మంచిదే. డబ్బాల్లో వచ్చే నురగ ఒక్కటే కొడితే లాభం లేదు, ఎలుక దాన్ని సులువుగా కొరికేస్తుంది. కిటికీలకు, గాలి కంతలకు పావు అంగుళం కళ్లున్న వెల్డింగు జాలీ వేయించాలి. కోళ్ల గూటికి వాడే జాలీ కళ్లు పెద్దవి, అందులోంచి చిట్టెలుక నడిచి వెళ్తుంది. చెక్క తలుపైతే అడుగున ఒక అడుగు ఎత్తు రేకు కొట్టించండి. షట్టరైతే కింద మాత్రమే కాదు, పైన చుట్ట తిరిగే పెట్టె పక్క సందు కూడా చూడండి. ఇంటి ఎలుకకు అదే రాచబాట.

షెడ్డంతా బాగుచేయించే స్తోమత లేదు. ఇంకో మార్గముందా?

ఉంది. కారు చుట్టూ జాలీ గది. యాంగిల్ ఇనుముతో ఫ్రేము వెల్డింగ్ చేయించి, నాలుగు వైపులా, పైన కూడా పావు అంగుళం జాలీ బిగించి, ముందు రెండు తలుపులు పెట్టిస్తే చాలు. నేల గట్టిదైతే జాలీ నేలకు ఆనితే సరిపోతుంది. మట్టినేల అయితే జాలీ అంచును బయటివైపుకు మడిచి ఒక అడుగు మేర మట్టిలో పరచాలి. పందికొక్కు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, కింద జాలీ తగిలితే వదిలేస్తుంది. షెడ్డు మరమ్మతు కంటే ఇది చవక, గాలి కూడా బాగా ఆడుతుంది.

మా ఊళ్లో పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కట్టడం) ఖాళీగా ఉంది. అందులో పెట్టవచ్చా?

టంగుటూరు, కొండపి వైపు వాళ్లు ఈ మాట తరచూ అడుగుతారు. గోడలు గట్టివి, ఎత్తైన కప్పు, పొడి నేల, ఇవన్నీ కారుకు మంచివే. కాని పొయ్యి గొట్టాల కోసం గోడ అడుగున వదిలిన కంతలు, పైన గాలి తలుపులు ఎలుకలకు బాగా అనుకూలం. వాటికి జాలీ వేసి, పాత గోనెపట్టలు, కర్రలు బయట పడేసి అప్పుడు పెట్టండి. మరో సంగతి, పొగాకు వాసనకు ఎలుకలు రావన్న ధీమాతో జాలీ మానేయకండి. దాని గురించి కింద చెప్పాం.

బండి పెట్టేముందు లోపల ఏం చేయాలి?

పూర్తిగా కడిగి, ఆరబెట్టి, తర్వాతే పెట్టండి. మడ్‌గార్డుల లోపలి బురదలో గడ్డిగింజలు ఇరుక్కుని ఉంటాయి. సీట్లు బయటికి తీసి కింద దులపండి. పిల్లలు తిన్న బిస్కెట్ల పొడి, పల్లీ తొక్కలు, తిరుమల లడ్డూ మెతుకులు అన్నీ అక్కడే ఉంటాయి. డ్యాష్‌బోర్డు అరలో పాత బిల్లులు, టిష్యూ కాగితాలు, గుడ్డపీలికలు ఖాళీ చేయండి. డిక్కీలో జాకీ, పానాలు తప్ప ఏమీ ఉంచకండి.

బ్యాటరీ తీసేయండి. ఇది ఎలుకల విషయంలో ముఖ్యమైన జాగ్రత్త. కొరికిన వైరు రాగి బాడీకి తగిలితే, బ్యాటరీ ఉంటే నిప్పు, లేకపోతే కేవలం ఒక మరమ్మతు. పాత బండ్లలో ఫ్యూజులు చాలా తక్కువ, అన్ని తీగలకూ రక్షణ ఉండదు. తీసేటప్పుడు బాడీకి కలిపిన టెర్మినల్ ముందు విప్పండి. చాలా బండ్లలో అది నెగటివ్, కొన్ని పాత బ్రిటిష్ బండ్లలో పాజిటివ్. కాబట్టి రంగు చూసి కాదు, ఏ తీగ బాడీకి వెళ్తుందో చూసి విప్పాలి.

బానెట్ మూయాలా, తెరిచి ఉంచాలా అని కొందరు అడుగుతారు. జాలీ గదిలోనో, మంచి షెడ్డులోనో ఉంటే తెరిచి ఉంచడమే నయం. చీకటి, వెచ్చదనం, చాటు ఉన్నచోటే ఎలుక గూడు కడుతుంది, వెలుతురు పడే ఇంజను గది దానికి నచ్చదు.

సైలెన్సర్, ఎయిర్ క్లీనర్ మూతులు దేనితో మూయాలి?

గుడ్డ కుక్కకండి, గుడ్డే గూటికి సామాను. సైలెన్సర్ మూతికి జాలీ ముక్క చుట్టి హోస్ క్లిప్పుతో బిగించండి. ఎయిర్ క్లీనర్ మూతికీ అదే. ఇతర రంధ్రాల్లో కుక్కడానికి గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు వాడండి. మామూలు ఇనప పీచు కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో తుప్పుపట్టి, ఆ తుప్పు మరక రంగు మీద పడుతుంది.

మూసిన ప్రతి చోటినీ ఒక కాగితం మీద రాసి స్టీరింగుకు కట్టండి. సంక్రాంతికి మీరు రాకముందే తమ్ముడో బావో బండి స్టార్టు చేయవచ్చు. సైలెన్సర్ మూసి ఉందని వాళ్లకు ఎవరు చెబుతారు?

కవరు వేయాలా?

ప్లాస్టిక్ పట్టా వద్దు. వానాకాలపు తేమ కింద చేరి బయటికి పోలేక రంగుకు బుడగలు తెస్తుంది. నేలదాకా వేలాడే కవరు ఏదైనా ఎలుకకు నిచ్చెన, లోపల చీకటి గది. గాలి ఆడే నూలు కవరు వేసి, అంచు చక్రాల మధ్యకు, నేలకు బాగా ఎత్తుగా వచ్చేలా మడిచి కట్టండి. దుమ్ము రాని షెడ్డయితే కవరే లేకుండా ఉంచడం నాకు ఇష్టం. లోపల ఏం జరుగుతోందో దూరం నుంచే కనపడుతుంది.

నాఫ్తలీన్ ఉండలు, పొగాకు కాడలు, పుదీనా నూనె, కర్పూరం, మిరపపొడి – ఏది పనిచేస్తుంది?

కొత్త వాసనకు ఎలుక మొదట వెనక్కి తగ్గుతుంది. కొన్నాళ్లకు వాసన తగ్గుతుంది, అలవాటూ అవుతుంది. గాలి ఆడే షెడ్డులో వీటి బలం నిలవదు, బండికి గూడు కోసం వచ్చిన ఆడ ఎలుకను ఆపేంత బలం అసలుండదు. నాఫ్తలీన్ వాసన సీటు పీచుకు, పైకప్పు గుడ్డకు పట్టి నెలల తరబడి వదలదు. ఆ ఆవిరి మూసిన కారులో మనుషులకు, ముఖ్యంగా పసిపిల్లలకు మంచిది కాదు. పొగాకులోని నికోటిన్ విషమే, కాని ఎలుక దాన్ని తినదు, పక్కనుంచి నడిచిపోతుంది. పైగా పొగాకు తేమ పీల్చుకుని కింద ఉన్న రేకును తుప్పు పట్టిస్తుంది. మిరపపొడి బానెట్ కింద చల్లితే, తర్వాత ఇంజను ఫ్యాను తిరిగినప్పుడు మెకానిక్ కళ్లలోనే పడుతుంది.

వాసనలను అసలు రక్షణకు అదనంగా వాడుకుంటే అభ్యంతరం లేదు. అవే రక్షణ అనుకోవడమే ప్రమాదం.

ప్లగ్గుకు పెట్టే శబ్దం పరికరాలు?

డబ్బు దండగ. మనకు వినపడని ఆ శబ్దం గోడ దాటదు, సామాను వెనకకూ వెళ్లదు, ఎలుకలు త్వరగా అలవాటుపడతాయి. అమెరికాలో వ్యాపార ప్రకటనల మీద నిఘా ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో ఇలాంటి పరికరాల తయారీదారులకు, అమ్మకందారులకు, మొత్తం అరవై మందికి పైగా హెచ్చరిక లేఖలు పంపింది. మీరు చేస్తున్న ప్రచారానికి శాస్త్రీయ రుజువు ఉండాలన్నది ఆ లేఖల సారాంశం.

ఎలుకల మందు పెడితే పోతుంది కదా?

కారులోనూ, కారు ఉన్న షెడ్డులోనూ వద్దు. బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టే గుణం పోయి కొన్ని రోజుల తర్వాత, చాటైన చోటికి చేరి చస్తుంది. ఆ చోటు డ్యాష్‌బోర్డు వెనకో, సీటు లోపలో అయితే వాసన పోవడానికి బండి మొత్తం విప్పాల్సిందే. జింకు ఫాస్ఫైడు కడుపులోకి పోగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. ఎల్లో ఫాస్ఫరస్ ఉన్న పేస్టు అన్నిటికంటే ఘోరం. దానికి విరుగుడు లేదు, కాలేయం చెడిపోయి మనుషులు చనిపోతున్నారు. అది ఇంట్లోకే తేవద్దు.

చచ్చిన ఎలుకను తిన్న కుక్క, పిల్లి, గుడ్లగూబ కూడా ప్రమాదంలో పడతాయి. ఎవరైనా పొరపాటున మింగితే ఇంటి వైద్యాలు చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి, మందు ప్యాకెట్ వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఏ మందో తెలిస్తేనే చికిత్స సరిగా మొదలవుతుంది. బ్రోమాడియోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు.

మరి బోను ఎక్కడ, ఎలా పెట్టాలి?

కారు బయట, గోడవెంట. ఎలుక గది మధ్యలో నడవదు, మీసాలు గోడకు తగిలేలా పోతుంది. బోనును గోడకు ఆనించి, మూతి అది నడిచే దారి వైపు ఉండేలా పెట్టాలి. కారు లోపల ఎర పెడితే, రాని ఎలుకను మనమే పిలిచినట్టు.

ఇంటి ఎలుక, పందికొక్కు కొత్త వస్తువును అనుమానిస్తాయి. మొదటి రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టి ఎర మాత్రం పెట్టండి. తినడం అలవాటయ్యాక తలుపు వదలండి. చిట్టెలుకకు ఆ అనుమానం లేదు, మొదటి రాత్రే దూరుతుంది. ఎరకు ఎండుచేప ముక్క, ఎండురొయ్య, నిప్పుల మీద కాల్చిన కొబ్బరి మన దగ్గర బాగా పనిచేస్తాయి. జిగురు అట్టలు వాడకండి. ఎలుక గంటల తరబడి నరకం పడి చస్తుంది, బల్లులు, పిట్టలు, పాములు కూడా అంటుకుంటాయి. వాటికి వ్యతిరేకంగా భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు సూచనలు కూడా ఇచ్చింది.

ఇంటి చుట్టూ బొరియలే ఉన్నాయి. వాటిని ఎవరు పడతారు?

నెల్లూరు జిల్లాలో ఈ విద్య తరతరాలుగా యానాది గిరిజనులది. తాజా మట్టి చూసి ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది వదిలేసిందో చెప్పగలరు. బయటి దారులు ముందే మూసి, కుండలో ఎండుగడ్డి పొగబెట్టి లోపలికి ఊది పట్టేస్తారు. మందు లేకుండా ఒక తోటంతా శుభ్రమవుతుంది. చేసే పనికి తగిన కూలి మాట్లాడుకుని, బేరమాడకుండా ఇవ్వండి. బొరియలో దొరికిన వడ్లు పట్టినవాళ్లవే. పట్టిన ఎలుకలను వండుకునే కుటుంబాలూ ఉన్నాయి, కాబట్టి అంతకుముందు ఎక్కడైనా మందు పెట్టి ఉంటే దాచకుండా చెప్పాలి, ఆ చోటికి పిలవకూడదు.

పిల్లిని పెంచితే?

ఇంటి ఆవరణలో పిల్లి ఉంటే చిట్టెలుకలు తగ్గుతాయి. పెద్ద పందికొక్కు జోలికి చాలా పిల్లులు పోవు. షెడ్డు లోపల మాత్రం పిల్లి బానెట్ మీద నిద్రపోతుంది, రంగు మీద గోళ్ల గీతలు మిగులుతాయి. బయటే ఉంచండి.

మేం ఊళ్లో ఉండం. చూసుకునే వాళ్లకు ఏం చెప్పాలి?

వారానికి ఒకసారి తలుపు తీసి చూడమనండి. ఇంతకంటే విలువైన జాగ్రత్త ఇంకోటి లేదు. ఎలుక కోరుకునేది నిశ్శబ్దం. మనిషి అలికిడి, తెరిచిన తలుపు, తట్టిన బానెట్, ఇవి తరచూ ఉన్నచోట అది పిల్లలు పెట్టదు.

నాలుగు చక్రాల చుట్టూ, గుమ్మం దగ్గర రాతి ముగ్గు పలచగా చల్లమనండి. బియ్యప్పిండి కాదు, అది తిండి అవుతుంది. వారం తర్వాత ముగ్గు మీద అడుగులు, తోక గీత కనపడితే ఫోటో తీసి పంపుతారు. అప్పుడే బోను పెడితే ఇంకా ఒక్క వైరు కూడా తెగి ఉండదు. సీటు కింద, ఎయిర్ క్లీనర్ చుట్టూ, బ్యాటరీ పళ్లెం మీద పెంటికలు ఉన్నాయేమో చూడమనండి. పెదనాన్నకో, పక్కింటి అన్నకో ఈ పని అప్పగిస్తే, తాళంచెవితో పాటు ఒక మంచి టార్చి కూడా ఇచ్చి వెళ్లండి. తుపాను వచ్చి వెళ్లాక మర్నాడే ఒకసారి చూడమని ప్రత్యేకంగా చెప్పండి.

సీటు కింద గూడు కనపడింది. ఎలా తీయాలి?

పొడిగా ఊడవకండి, వ్యాక్యూమ్ పెట్టకండి, మెకానిక్ షాపులో ఎయిర్ గన్‌తో ఊదనివ్వకండి. ఆ దుమ్ము పీల్చినా, వట్టి చేతులతో తాకినా ప్రమాదమే. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, ఎలుకల మీది పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది, రెండూ మన రాష్ట్రంలో ఉన్నవే.

తలుపులన్నీ తీసి అరగంట గాలి ఆడనివ్వండి. రబ్బరు గ్లౌజులు, మాస్కు వేసుకోండి. గూటిని, పెంటికలను క్రిమిసంహారక ద్రవంతో తడిపి ఐదు నిమిషాలు నాననిచ్చి, కాగితంతో ఎత్తి సంచిలో వేసి, ఆ సంచిని ఇంకో సంచిలో వేసి పారేయండి. నేల మీద అయితే ఒక వంతు బ్లీచింగ్ ద్రవానికి తొమ్మిది వంతుల నీళ్లు బాగా పనిచేస్తాయి. బండి రేకు మీద, క్రోమ్ మీద, రెగ్జీన్ మీద బ్లీచింగ్ వద్దు, తుప్పు, మచ్చలు వస్తాయి. అక్కడ ఫినాయిల్ గాని, ఇల్లు తుడిచే క్రిమిసంహారకం గాని వాడి, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. చేతికి గాయం ఉంటే ఈ పని వేరేవాళ్లకు ఇవ్వండి. తర్వాత నెల రోజుల్లోపు జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే డాక్టరుకు ఎలుకల గూడు తీసిన సంగతి తప్పక చెప్పండి.

మూత్రం ఇంకిన కొబ్బరి పీచును ఉతికి వాడాలని చూడకండి. ఆ వాసన మిగతా ఎలుకలకు పిలుపు. పీచు మార్పించండి, పైన రెగ్జీన్ అసలుదైతే జాగ్రత్తగా విప్పించి అదే తొడిగించవచ్చు.

షెడ్డులో పాము కుబుసం కనిపించింది. ఎలుకలకు దీనికి సంబంధం ఉందా?

ఉంది. ఎలుకలున్న చోటికే పాము వస్తుంది. అది జెర్రిపోతు కావచ్చు, దానికి విషం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి కూడా కావచ్చు. వెలుతురు లేకుండా కారు కిందికి చేయి పెట్టకండి, పెడళ్ల దగ్గర టార్చి వేశాకే కాలు పెట్టండి. కాటు పడితే కోయడం, కట్టు బిగించడం, నాటుమందు వద్దు. కదలకుండా ఉంచి 108లో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎలుకలను ఆపడం కారు కోసమే కాదని అప్పుడు అర్థమవుతుంది.

కొరికిన వైర్లకు టేపు చుడితే సరిపోదా?

ఒక చోట కనపడిందంటే కనపడని చోట్లు ఇంకా ఉంటాయి. ఆ కట్టను మొత్తం విప్పి వేళ్లతో తడుముతూ చూడాలి. తెగిన ముక్క కోసి, అదే మందం తీగ వేసి, సోల్డరింగ్ చేసి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే) తొడుగు వేయించండి. పాత బండిలో రంగు ప్రకారమే తీగ వేయించండి, తర్వాత బండి చూసే మెకానిక్‌కు అదే దారి చూపుతుంది. సగం కట్ట పాడైతే ముక్కలు అతికేకంటే మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) కొత్తది అల్లించడం మంచిది. అంబాసిడర్, పద్మినీల వైరింగ్ సులువు, చేతిపని తెలిసిన ఎలక్ట్రీషియన్ పాతదాన్ని నమూనాగా పెట్టుకుని అల్లేస్తాడు.

వైరింగు, సీట్లు మార్పిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇబ్బందా?

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. ఎలుక కొరికిన తీగ బాగుచేయించుకోవడం ఆ కోవలోకి రాదు. అయినా మరమ్మతుకు ముందూ తర్వాతా ఫోటోలు, బిల్లులు దాచుకోండి. ఇన్సూరెన్సు విషయంలోనూ అవి పనికొస్తాయి. మీ పాలసీలో ఎలుకల నష్టానికి మినహాయింపు ఉందో లేదో బండి దాచేముందే చదవండి.

సంక్రాంతికి బండి తీసేటప్పుడు ముందు ఏం చూడాలి?

తాళంచెవి చివరి పని. స్టీరింగుకు కట్టిన కాగితం చూసి సైలెన్సర్, ఎయిర్ క్లీనర్ జాలీలు తీయండి. ఎయిర్ క్లీనర్ మూత విప్పి లోపల వడ్లు, పీచు, కాగితం ముక్కలు ఉన్నాయేమో చూడండి. అవి కార్బురేటర్‌లోకి పోతే బండి ఆడదు. ఇంజను పక్కన ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజను పొగ బయటికి పోయే గొట్టం) మీద చేయి పోనిచ్చి చూడండి. అక్కడ గూడుంటే వేడెక్కగానే అంటుకుంటుంది, కార్లు ఇలాగే తగలబడతాయి.

పెట్రోలు గొట్టాలు, రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు వంచి చూడండి. చక్రాల దగ్గర బ్రేకు రబ్బరు గొట్టాల మీద పళ్లగాట్లు ఉంటే ఆ బండి మరమ్మతు అయ్యేదాకా కదలకూడదు. బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిందంటే ఎక్కడో ఆయిల్ కారుతోందని అర్థం.

అన్నీ చూశాక బ్యాటరీ పెట్టండి. తీగ తగిలించగానే పెద్ద నిప్పురవ్వ వస్తే వెంటనే తీసేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. లైట్లు, హారన్, వైపర్లు ఒక్కొక్కటిగా వేసి చూడండి. కిలో రెండు కిలోల డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉంచుకుని, బండిని షెడ్డు బయటికి తోసి, ఆరుబయట స్టార్టు చేయండి. బానెట్ తెరిచే ఉంచి పది నిమిషాలు ఆడనివ్వండి. పొగ గాని, కాలిన వాసన గాని, పెట్రోలు వాసన గాని లేకపోతే అప్పుడు పిల్లలను ఎక్కించుకోండి.